కిలోకి ఆరు రూపాయలు

కొండపి వేలం కేంద్రంలో
పొద్దున్నే వరసలు తీరిన పొగాకు చెక్కులు.
చెక్కుకీ చెక్కుకీ నడుమ మనిషి పట్టేంత సందు.
ఆ సందులో నడిచేవాడు మాలకొండయ్య.

నడకంటే నడక కాదు.
నూట నలభై, నలభై ఒకటి, ఒకటి, ఒకటి, రెండూ... అంటూ
గొంతు ముందు పోయేది,
కాళ్ళు వెనకాల వచ్చేవి.
బయ్యర్లలో ఒకడు కనుబొమ్మ ఎగరేసేవాడు,
ఒకడు చెవి తమ్మె గోక్కునేవాడు,
గుంటూరాయన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేవాడు.
అవన్నీ రూపాయలే.
ఏ కన్ను ఎంతో మాలకొండయ్యకి తెలుసు.

అందుకేనేమో వేలం పాట అన్నారు.
వినడానికి బావుండేది. నిజం చెప్తున్నా,
నా అప్పునే పాడుతున్నా బావుండేది.

ఇప్పుడు అందరి అరచేతుల్లో ఓ మిషను.
చెక్కుకి అంటించిన గీతల కాగితానికి
ఎర్రలైటు చూపిస్తారు.
ఎవడూ నోరు తెరవడు.
గోడ మీద తెర, తెర మీద అంకె,
అంకెని ఎవరు మార్చారో ఆ అంకెకే తెలియాలి.
పాట పోయింది,
వేలం మిగిలింది.
సరిగ్గా చూస్తే
మీట నొక్కే వేలు మిగిలింది.

నా తొమ్మిది చెక్కులూ అమ్ముడయ్యేలోపు
ఒకసారి తుమ్మాను.
హాలంతా నా వంక చూసింది.

టంగుటూరు బస్సెక్కానో లేదో
ఎరువుల కొట్టు చెంచురామయ్య ఫోను.
"రెండొందల పద్దెనిమిది పడిందంటగా!
గ్రూపులో చూశాలే."
ఇదివరకు రేటు నా జేబులో పడి
నాతోపాటే ఇల్లు చేరేది.
"ఏం పడిందిలే, మట్టి రేటు" అని
ఒక్క అబద్ధం ఆడి
ఒక్క రాత్రి అప్పులేనివాడిలా పడుకునేవాణ్ణి.
ఆ రాత్రిని ఎవరు కొన్నారో, ఎంతకి కొన్నారో
తెర మీద రాలేదు.

మా ఎస్తేరు ఒంగోల్లో డిగ్రీ రెండో ఏడు.
సెలవులకొచ్చి
ట్రంకుపెట్టెలోని పాత చీటీలన్నీ బయటికి తీసింది.
కాలేజీలో ఏదో ప్రాజెక్టంట.
ఎలకలు కొట్టినవి పోను పద్నాలుగేళ్ళవి.
నావీ, పక్క బ్యారన్ హరనాథబాబు దగ్గర అడిగి తెచ్చినవీ
కంప్యూటర్లో పక్కపక్క గడుల్లో కొట్టింది.
రెండు రాత్రులు టకటకమని ఒకటే చప్పుడు.
మూడోనాడు స్క్రీను నా వైపు తిప్పింది.

"ఒకే నేల నాన్నా. ఒకే గ్రేడు. ఒకే రోజు.
పాట ఉన్నన్నేళ్ళూ మనకి
కిలోకి ఆరు రూపాయలు తక్కువ.
మిషనొచ్చాక, ఇదిగో, సమానం."

చీటీ మీద నా పేరు పక్కన
కాలనీ అని రాసుండేది.
మా వరస కాడికొచ్చేసరికి
పాట కాస్త తొందరగా అయిపోయేది.
ఎండకి గొంతు అలిసిందేమో అనుకునేవాణ్ణి.
ఒకసారి మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చాను.
తీసుకుని
పక్కన పెట్టాడు.

నిన్న బస్టాండు కాడ కనిపించాడు మాలకొండయ్య,
మెడకి మఫ్లరు, చేతిలో ఖాళీ సంచి.
"ఏం యోబూ, ఎంత పడింది?"
చెప్పాను.
"నా పాటలో అయితే ఇంకో రెండు లాగేవాణ్ణి."
నేనేమీ అనలేదు.
రెండు టీలు చెప్పాను.
ఆరు రూపాయలు నాలిక చివరిదాకా వచ్చి
టీతోపాటు లోపలికి పోయాయి.
ఈసారి నేనిచ్చిన గ్లాసు ఆయన పక్కన పెట్టలేదు,
అడుగుదాకా తాగాడు.

ఫోను చూపించి డబ్బులు కట్టాను.
కొట్లో చిన్న డబ్బా గొంతెత్తి అరిచింది:
"ఇరవై రూపాయలు అందినవి."
మాలకొండయ్య ఉలిక్కిపడి తలెత్తాడు.
పెదవి దానంతటదే కదిలింది,
"ఇరవై ఒకటి... ఒకటి..."

రోడ్డు మీద ఎవరూ
కనుబొమ్మ ఎగరేయలేదు.